ఏసీలో పెట్టిన గేము పెట్టెలు

మా వైపు మిరపకాయలు రెండు రకాలు. రంగునుబట్టి, కారాన్నిబట్టి, గింజనుబట్టి చెప్పే రకాలు చాలానే ఉన్నాయి కానీ బేరం దగ్గర ముందుగా అడిగేది ఒకటే: ఏసీ సరుకా, నాన్ ఏసీ సరుకా? కల్లంలో ఎండి నేరుగా గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లిపోయేది నాన్ ఏసీ. రేటు లేక కోల్డ్ స్టోరేజీకి చేరి, చీకట్లో, చలిలో, గోతం కప్పుకుని మంచిరోజుల కోసం పడుకునేది ఏసీ. మా నాన్నకి ఈ రెండో రకమంటే గౌరవం. నేనూ మా అన్నయ్యా ప్రతి వేసవీ కరెంటు ఎప్పుడొస్తుందా అని ఆగిపోయిన ఫ్యాను వంక చూస్తూ పెరిగాం. మా మిరపకాయలు మాత్రం వేసవులన్నీ ఏసీలోనే గడిపాయి.

ఇది మిరపకాయల కథ కాదు. మా అన్నయ్య వీడియో గేముల కొట్టు కథ. మిరపకాయల ఊసు లేకుండా చెప్పొచ్చేమోనని ప్రయత్నించి చూశాను. మా వైపు అది కుదరదు.

అసలు కొట్టు పెట్టిందే మిరపకాయ వల్ల. మా అన్నయ్యకి మిరపకాయ పడదు. తినడానికి కాదు, తినడానికైతే గొడ్డుకారంలో నెయ్యి వేసుకుని ముద్దలు ముద్దలుగా లాగిస్తాడు. దాని గాలి పడదు. కల్లంలో కాయలు తిరగేస్తున్న రోజున ఆ దరిదాపులకి వెళ్లాడా, తుమ్ములు మొదలై, కళ్లు వాచి, సాయంత్రానికి ఛాతీలో పిల్లికూతలు. చిన్నప్పటినుంచీ అంతే. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, ఈ పనికి దూరంగా ఉంచండి అని చెప్పారు. "ఆయనకేం, ఎన్నైనా చెప్తాడు. ఆయనకి పొలముందా, కల్లముందా?" అన్నాడు నాన్న. మిరప రైతు కొడుక్కి మిరప గాలి పడదని ఊళ్లో చెప్పుకోవడం ఆయనకి నామోషీ. ఎవరన్నా అడిగితే పెద్దోడికి జలుబు చేసిందని చెప్పేవాడు. ఆ లెక్కన మా అన్నయ్యకి ఇరవయ్యేళ్లు జలుబు.

కాబట్టి అన్నయ్య గేముల కొట్టు పెడతానన్నది గేముల మీద ప్రేమతో మాత్రమే కాదు. ప్రేమా ఉంది. కానీ వాడికి అంతకన్నా ముఖ్యంగా కావలసింది, మిరపకాయ లోపలికి రాకుండా తలుపు వేసుకోగల బతుకుతెరువు. ఒక మంచి ఏడాది, కాపూ రేటూ ఒకేసారి కలిసొచ్చిన ఏడాది, భోజనాల దగ్గర నాన్న ఒప్పుకున్నాడు.

"సరే, పెట్టుకో. నిలబడితే నీ బతుకు నీది. నిలబడకపోతే మాత్రం నోరు మూసుకుని కల్లంలోకి రావాల."

"ముక్కు కూడా మూసుకోవాలి నాన్నా" అన్నాను.

"నువ్వు ముందు నోరు మూసుకో" అన్నాడు.

మా ఇంట్లో ఒప్పందాలు కాగితాల మీద ఉండవు. కంచాల ముందు జరుగుతాయి. అమ్మ సాక్షి. అందుకే తప్పించుకోవడం కష్టం.

చిలకలూరిపేటలో హైవే మీదినుంచి లోపలికి తిరిగే ఒక సందులో, పురుగుమందుల కొట్టు పైన ఉన్న గది అద్దెకి దొరికింది. మెట్లెక్కుతుంటేనే మందు వాసన గుప్పుమనేది. ఆ వాసన మా అన్నయ్యని ఏమాత్రం ఇబ్బంది పెట్టలేదు. పురుగుల్ని చంపేది పడుతుంది, కూరలో వేసేది పడదు. ఒక్కో శరీరం అంతే, కారణాలు అడగకూడదు.

గోడకి టీవీలు, టీవీల కింద గేము పెట్టెలు, ఎదురుగా నీలం రంగు సోఫాలు, మూలన ఒక కూలరు. గేము పెట్టె అంటే ఏమిటో అమ్మకి అన్నయ్య ఓపిగ్గా చెప్పాడు. "దీన్ని టీవీకి తగిలిస్తే, టీవీలో బొమ్మ మనం చెప్పినట్టు వింటదమ్మా."

"మంచిదే. ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు. ఒకటి తెచ్చి ఇంట్లో కూడా పెట్టు" అంది అమ్మ.

మొదట్లో జనం వచ్చారు. ఊరి చుట్టూ స్పిన్నింగు మిల్లులు కదా, షిఫ్టు దిగినవాళ్లు నేరుగా వచ్చి సోఫాల్లో పడేవాళ్లు. తలలో దూది, కనుబొమల మీద దూది, చొక్కా మీద దూది. మిల్లులో పోగులు పట్టుకున్న వేళ్లతోనే బంతిని గోల్లోకి తన్నేవాళ్లు. లారీ డ్రైవర్లు కూడా వచ్చేవాళ్లు. పొద్దంతా లారీ తోలి, సాయంత్రం మెట్లెక్కి వచ్చి, టీవీలో లారీ తోలేవాళ్లు. ఇదేం సరదా అని ఒకాయన్ని అడిగితే "దీనికి పోలీసులు చెయ్యి అడ్డం పెట్టరు తమ్ముడూ" అన్నాడు.

ఆ దూదే గేము పెట్టెలకి మొదటి జబ్బు. పెట్టె లోపల చిన్న ఫ్యాను ఉంటుంది, గాలి లాక్కుంటుంది. గాలితోపాటు దూదినీ లాక్కుంటుంది. వారం తిరిగేసరికి పెట్టె రొప్పడం మొదలుపెట్టేది. ఆదివారంనాడు అన్నయ్య స్క్రూలు విప్పి, పట్టకారుతో లోపలినుంచి దూది లాగుతుంటే పిల్లి బొచ్చులా ఉండలు ఉండలుగా వచ్చేది. వత్తులకి పనికొస్తుందేమోనని అమ్మ నలిపి చూసి, నల్లగా ఉందని పక్కన పడేసింది. ఆ వ్యాపారంలో మాకు క్రమం తప్పకుండా మిగిలిన సరుకు అదొక్కటే. దాన్ని దేవుడు కూడా తీసుకోలేదు.

గంటకింత చొప్పున ఆడించడం వల్ల అద్దె గడిచేది. కొట్టు నిజంగా నడిచింది డిస్కుల మీద. గేములు డిస్కుల్లో వచ్చేవి. ఒకరు ఆడి విసిగిపోయింది ఇంకొకరికి కొత్త. అన్నయ్య దగ్గర తీసుకున్న డిస్కు అద్దంకి వెళ్లి, అక్కణ్నుంచి ఎవరి బావమరిదితోనో పొదిలి దాకా ప్రయాణం చేసి, ఒంటినిండా గీతలతో తిరిగొచ్చేది. అన్నయ్య దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుగులో పెట్టి చూసి, మళ్లీ అద్దెకిచ్చేవాడు. సరిగ్గా డాక్టరు గారు వాడి ఎక్స్‌రే చూసినట్టే చూసేవాడు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. వచ్చినప్పుడు చప్పుడేమీ కాలేదు. జనం రావడం మానెయ్యలేదు కూడా. అదే అసలు అవమానం. అదే సోఫాల్లో, అదే కూలరు ముందు కూర్చుని, ఎవరి ఫోనులో వాళ్లు ఆడుకునేవాళ్లు. ఎదురుగా టీవీలు నల్లగా. షిఫ్టు దిగ్గానే వచ్చే ఒక మిల్లు మనిషిని అన్నయ్య ఒకరోజు అడిగేశాడు.

"ఏరా, టీవీ ఖాళీగానే ఉందిగా, దాంట్లో ఆడొచ్చుగా?"

"వద్దులే అన్నా. ఫోన్లో ఫ్రీగా వస్తంది."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"ఇంట్లో ఆడితే మా నాన్న తిడతాడన్నా."

"ఇక్కడికొస్తే తిట్టడా?"

"తిడతాడు. కానీ యినపడదుగా."

అన్నయ్య నవ్వాడు. ఆ నెల అద్దె ఇవ్వడానికి వెళ్లినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ రోజుల్లోనే కొత్త గేము పెట్టె వచ్చింది. దీంతో జనం తిరిగొస్తారని, ఫోన్లో ఇలాంటి బొమ్మ ఎప్పటికీ రాదని అన్నయ్య గట్టిగా నమ్మాడు. ఒకటి ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టాడు. తెల్లగా, నున్నగా, పుట్టలో పాము గుడ్డులా ఉంది. నాన్న దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, కాయలో గింజ గలగలమంటుందో లేదో వినేవాడిలా చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. తిప్పి తిప్పి నాలుగు వైపులా చూశాడు.

"దీనికి నోరేదిరా?"

"నోరేంది నాన్నా?"

"పాతదానికి ముందు సందు ఉండేదిగా. దాంట్లో పళ్లెం పెట్టేవాడివి."

"దీనికి డిస్కు అక్కర్లేదు. గేము ఇంటర్నెట్లోంచి నేరుగా దీంట్లోకి వచ్చేస్తది."

"ఎవరి దగ్గర కొంటారు?"

"కంపెనీ దగ్గరే."

"నీ దగ్గర కాదా?"

అన్నయ్య ఖాళీ అట్టపెట్టె మూత మూశాడు.

"ఆడేసినాక ఇంకొకడికి ఇయ్యొచ్చా?"

"ఇయ్యడానికి ఉండదు నాన్నా. కొన్నవాడికే."

నాన్న పెట్టెని జాగ్రత్తగా మంచం మీద దించాడు. "అంటే హైబ్రిడ్ విత్తనమన్నమాట" అన్నాడు. "ఒకప్పుడు మా నాన్న మంచి కాయలు ఏరి విత్తనం దాచేవాడు. పక్కోడికి దోసెడు పెట్టేవాడు. ఇప్పుడు ఏటా ప్యాకెట్టు కొనాల. కంపెనీవాడు బాగానే ఉన్నాడు." మా అన్నయ్య వ్యాపారం మీద అంతకన్నా తెలివైన మాట నేను ఇప్పటిదాకా వినలేదు. విచిత్రమేమిటంటే అంత సరిగ్గా అర్థం చేసుకున్నాయన, దాన్నుంచి తీసిన నిర్ణయం ఇది: "అయితే నువ్వు కూడా విత్తనాల కొట్టు పెట్టు. ఆడించడం మానేసి పెట్టెలే అమ్ము."

అన్నయ్య బుద్ధి కూడా అటే ఉంది. వేసవి ముందు మిరప డబ్బులు చేతికొస్తాయి. ఆ డబ్బులతో మా వైపు బైకులు కొంటారు, ఫ్రిజ్జులు కొంటారు, మేడ మీద ఇంకో గది వేస్తారు. పక్కింట్లో ఉన్నది తమ ఇంట్లో లేకపోతే నిద్రపట్టని మంచి మనుషులు. ఒక్కో ఊళ్లో ఒక్క ఇంట్లోకి గేము పెట్టె వెళ్తే చాలు, మిగతావి వాటంతటవే వెళ్తాయని లెక్క వేశాడు. ఉన్నదంతా ఊడ్చి, పాత డిస్కులు అమ్మేసి, సీలు తీయని పెట్టెలు ఒక గుట్ట తెప్పించాడు.

ఆ ఏడాది మిరపకి నల్లతామర వచ్చింది. పురుగు తినగా మిగిలినదానికి రేటు రాలేదు. కాపు తగ్గితే రేటు పెరగాలని పుస్తకాల్లో ఉంటుంది. మా యార్డులో ఆ పుస్తకం ఎవరూ చదవలేదు.

పెట్టెల్లో ఒకే ఒక్కటి అమ్ముడుపోయింది. కొన్న పెద్దాయన దాన్ని సీరియళ్లు ఉచితంగా వచ్చే డబ్బా అనుకున్నాడు. మర్నాడే తిరిగి తెచ్చాడు. "ఏందయ్యా ఇది, మా ఆడోళ్లు పెడితే కార్లు పరిగెడతన్నయి!"

గుంటూరులో ఇలాంటి సరుకే అమ్మే డీలరు ఒకాయన ఉన్నాడు. కొన్నదానికన్నా తక్కువకి ఆయనకి అన్నీ ఇచ్చేసి, వచ్చినదాంతో మళ్లీ ఆటల కొట్టే నడుపుకుంటానని అన్నయ్య అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఈ మొత్తం కథలో ఎవరైనా అన్న తెలివైన మాటల్లో అది రెండోది. నాన్న ముద్ద కంచంలో వదిలేశాడు.

"రేటు లేనప్పుడు అమ్ముకునే కర్మ మనకేందిరా? ఏసీలో పెడదాం."

అన్నయ్య నా వంక చూశాడు. నేను అమ్మ వంక చూశాను. అమ్మ పెరుగు వడ్డించింది.

"నాన్నా, అవి మిరపకాయలు కావు" అన్నాను.

"తెలుసురా. మిరపకాయలైతే బూజు పడతయి. ఇయ్యి అదీ పట్టవు. ఇంకా మంచిది." ఆయన దగ్గర కారణాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. కొట్లో దూది. ఇంట్లో ఎలుకలు. రేకుల కింద ఎండ. పైగా కళ్లెదుట ఉంటే చేతులు ఊరుకోవు, ఎవడో ఒకడు అడగ్గానే ఇచ్చేస్తాం. ఏసీలో ఉంటే మనసు గట్టిపడుతుంది. అన్నయ్య లేచి వెళ్లి పెట్టె అట్ట మీద సన్నక్షరాలు చదివాడు. చల్లగా, పొడిగా ఉండే చోట భద్రపరచండి అని ఉంది. ఇంట్లో డిగ్రీలు చదివినవాళ్లం ఇద్దరం ఉన్నాం. ఇద్దరం అంతవరకే చదివాం.

కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారు నాన్నకి చాలా ఏళ్లుగా తెలుసు. ఆ చనువుతో కాదనలేక తల గోక్కున్నాడు.

"రకం ఏం రాయమంటారు పెద్దాయనా? ఇక్కడ మిర్చి రకాలే ఉన్నాయి."

"మంచి రకమే రాయండి" అన్నాడు నాన్న. "తాలు అని మాత్రం రాయమాకండి." రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటారు. యార్డులో అంతకన్నా తిట్టు లేదు.

విడి పెట్టెలు అరల్లో నిలబడవని వాటిని గోతాల్లో పెట్టి కుట్టించాం. మోసే ముఠాలో ఒకాయన అలవాటు ప్రకారం బలమంతా కూడదీసుకుని, ఒక గోతాన్ని భుజం మీదికి విసురుగా లాగాడు. బరువు లేదు. తూలి గోడకి గుద్దుకున్నాడు.

"ఓరినీ! ఏందన్నా ఇంత తేలిగ్గా ఉంది? అంతా తాలేనా?"

నాన్న మొహం మాడిపోయింది. అన్నయ్య గేటు బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేడు కదా. తన కొట్టంతా తుమ్ములు పుట్టే చీకట్లోకి ఒక్కో గోతమే వెళ్తుంటే, ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని, దూరం నుంచి చూశాడు.

ఇక ఎదురుచూపులు. ప్రతి సాయంత్రం నాన్న మిర్చి రేటు ఫోను చేసి కనుక్కునేవాడు. తర్వాత అన్నయ్య వైపు తిరిగి "దాని సంగతేంది?" అనేవాడు. అన్నయ్య ఫోన్లో చూసి చెప్పేవాడు. రెండు ధరలు విని, రెండిటికీ ఒకే రకంగా మూలిగి, నాన్న పడుకునేవాడు.

కొన్నాళ్లకి, ఎవరూ అనుకోని విధంగా, గేము పెట్టెల ధర పెరిగింది. ఎక్కడో పన్నులో, లోపలి చిప్పుల కొరతో, కారణం నాకు తెలీదు. గుంటూరు డీలరే ఫోను చేశాడు. అన్నయ్య స్పీకరు పెట్టాడు.

"ఏమండీ, మీ దగ్గర సీలు సరుకు ఉందన్నారుగా, ఉన్నదంతా నేను తీసుకుంటా. రేపు ఆటో పంపనా?"

ఆయన చెప్పిన ధర అన్నయ్య కొన్నదానికన్నా ఎక్కువే. నిజంగా ఎక్కువే. ఆ ఒక్క నిమిషం మా ఇంట్లో వీడియో గేముల వ్యాపారానికి భవిష్యత్తు ఉంది. అమ్మ స్టవ్వు తగ్గించి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నాన్న చెయ్యి ఎత్తి, అరచేయి కిందికి ఊపాడు. ఆగు అని. "ఇయ్యాల అంతన్నాడంటే, వచ్చే నెలకి ఎంతంటాడో చూడు."

అన్నయ్య ఫోనుని గుండెకి ఆనించుకుని నాన్న వంక చూశాడు. వాడు ఇచ్చేస్తానని చెప్పొచ్చు. సరుకు వాడిది. అప్పుడు నేను వాడి మొహమే చూస్తున్నాను. మిర్చి రేటు లేచిందని తెలిసిన రోజున నాన్న మొహం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. మా అన్నయ్యకి మిరప గాలి పడదు కానీ మిరప బుద్ధి బాగానే పడింది. ఫోను మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంకో నెల చూద్దామండి" అన్నాడు.

మిరప పండించే ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉంటుంది. రేటు లేనప్పుడు ఆగడం ఎవరైనా చేస్తారు. రేటు వచ్చినప్పుడు కూడా ఆగగలిగేది మేమే.

నెల తిరగలేదు. కొత్త మోడల్ వస్తోందని కంపెనీ ప్రకటించింది. పాతదాని ధర జారింది, తర్వాత ఇంకొంచెం జారింది, ఆ తర్వాత అన్నయ్య ఫోన్లో చూడటం మానేశాడు. మిరపకాయకి కొత్త మోడల్ రాదు. పోయినేటి కాయ కూడా కాయే, కూరలో వేస్తే మండుతుంది. నాన్నకి ఈ సంగతి అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. "అదే పెట్టె, సీలు కూడా తియ్యలేదు, మరి పాతదెట్టా అయిందిరా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మరుసటేడు మే నెలలో ఒక మధ్యాహ్నం సరుకు బయటికి తీశాం. అద్దె కట్టాలి, కొట్టు ఖాళీ చెయ్యమని కింది పురుగుమందులాయన అడుగుతున్నాడు, ఎంతకో అంతకి అమ్మేద్దామని నాన్నే అన్నాడు. చలిలోంచి ఎండలోకి వచ్చేసరికి అట్టపెట్టెలకి చెమట పట్టింది. ఇంటికి తేగానే అన్నయ్య ఆగలేక ఒకటి విప్పి టీవీకి తగిలించి స్విచ్చి వేశాడు. టప్ మని ఒక చప్పుడు. కాలిన వాసన. అంతే, అది అక్కడితో పోయింది. ఎవరూ ఏడవలేదు. పోయినదానికి వారంటీ కూడా అప్పటికే పోయి ఉంది, ఇద్దరూ కలిసే వెళ్లారు.

"తడి సరుకు ఎవడన్నా వాడతాడురా? ముందు ఆరబెట్టాల" అని నాన్న లేచాడు.

వాకిట్లో పట్టా పరిచాడు. ఏటా మిరపకాయలకి పరిచే పట్టానే. మిగిలిన పెట్టెలు ఒక్కోటీ విప్పి దాని మీద వరసగా పేర్చాడు. నీడ వచ్చే వేళకి జరిపాడు. కాసేపటికి అన్నిటినీ బోర్లా తిరగేశాడు. పొలం నుంచి వస్తున్న మా వీధి పెద్దాయన ఒకాయన సైకిలు దిగి నిలబడ్డాడు.

"ఏందయ్యా ఈ కాపు? ఎప్పుడూ చూళ్లేదే."

"కొత్త రకం తాతా" అన్నాను.

"దిగుబడి ఎట్టా ఉంది?"

"పురుగైతే పట్టలేదు."

నాన్న నన్ను తిట్టలేదు. నేను ఏమన్నా తిట్టే మనిషి తిట్టలేదంటే, అప్పటికి నాకు కొంచెం భయం వేసింది.

రెండ్రోజులు ఆరాక ఒకటి తగిలిస్తే వెలిగింది. ఇంకోటి వెలిగింది. అన్నీ వెలిగాయి. అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చింది. అన్నయ్య చాలా కాలం తర్వాత చేతిలోకి రిమోటు తీసుకుని, నేల మీద కూర్చుని, ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు. పెట్టె వేడెక్కింది. లోపలి ఫ్యాను తిరిగింది.

అప్పుడు వచ్చింది ఘాటు. అన్ని నెలలు మిరపకాయల మధ్య పడుకున్న పెట్టె, పీల్చినదంతా మా గదిలోకి వదిలింది. ముందు అమ్మ దగ్గింది. తర్వాత నాకు కళ్లు మండాయి. అన్నయ్య తుమ్మాడు. తుమ్మి ఆట ఆపలేదు. మళ్లీ తుమ్మాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నా ఆ బొమ్మని గోలు దాకా తీసుకెళ్లి బంతిని కొట్టాడు. తర్వాత రిమోటు కింద పెట్టి, వాకిట్లోకి వెళ్లి, గోడ పట్టుకుని ఊపిరి కోసం నిలబడ్డాడు. ఛాతీలో పిల్లికూతలు వీధిలోకి వినపడుతున్నాయి. నాన్న లేచి వెళ్లి స్విచ్చి కట్టేశాడు.

గుంటూరు డీలరు మంచివాడే, మాట మీద వచ్చాడు. ఒకదాన్ని ఆన్ చేయించి, కాసేపు ఆడి, రెండుసార్లు తుమ్మి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమండీ, మా ఇల్లు యార్డు పక్కనే. ఇంట్లో ఎలాగూ ఇదే పీలుస్తా. కొట్లో కూడానా?"

వెళ్తూ వెళ్తూ నాన్నతో మాత్రం, కాయ ఏ కోల్డ్ స్టోరేజీలో పెడుతున్నారో అడిగి తెలుసుకున్నాడు. ఆయన అన్నదమ్ములకి కూడా సరుకు ఉందట.

గేము పెట్టెలకి ముందుముందు లాభముందా అని నన్ను ఇప్పటికీ స్నేహితులు అడుగుతుంటారు, మాది ఆ వ్యాపారమే కదా అని. కంపెనీల సంగతి నాకు తెలీదు. విత్తనాల కంపెనీలు ఎప్పుడూ బాగానే ఉంటాయి కాబట్టి వాళ్లూ ఉంటారనుకుంటాను. మధ్యలో ఉండేవాళ్ల సంగతి తెలుసు. డిస్కు పెట్టే సందు పూడ్చినప్పుడే ఆ సందులో ఉన్న మా అన్నయ్యని కూడా పూడ్చేశారు. కోల్డ్ స్టోరేజీ చేసిందల్లా చల్లగా ఉంచడమే.

కొట్టు గది ఇప్పుడు కింది కొట్టుకి గోడౌను. సోఫాల మీద పురుగుమందు డబ్బాలు కూర్చుని ఉంటాయి. అవైతే ఫోను చూడవు.

అన్నయ్యని ఒప్పందం ప్రకారం కల్లంలోకి రమ్మని నాన్న పిలవలేదు. నేననుకున్నాను, ఆ రోజు వాకిట్లో పిల్లికూతలు విన్నాడు కాబట్టి వదిలేశాడని. వదిలెయ్యలేదు, సర్దుబాటు చేశాడు. కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారితో మాట్లాడాడు. కంప్యూటరు తెలిసిన మనిషి కావాలని ఆయన ఎప్పణ్నుంచో అంటున్నాడట. అద్దాల గది ఉంది, ఘాటు తక్కువేనని చెప్పారు. తక్కువే. ఊరంత సరుకు పక్కన తక్కువ ఎంత ఉండాలో అంత తక్కువ. అన్నయ్య రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంటాడు. జనం వాడికి ఇంకా ఆ పాత మహమ్మారి భయం పోలేదనుకుంటారు. జేబులో పీల్చే మందు ఉంటుంది. నాన్న ఇప్పటికీ అడిగినవాళ్లకి జలుబనే చెబుతాడు.

అమ్ముడుపోని పెట్టెల్లో ఒకటి మా టీవీ కింద ఉంది, పైన అమ్మ కుట్టిన గుడ్డ. మిగతావి మంచం కింద. ఎవరూ ఆడరు.

ఈ ఏడాది కూడా రేటు లేదు. మా కాయ మళ్లీ ఏసీకే వెళ్లింది, ఈసారి అన్నయ్య చేతుల మీదుగా. మొన్న నాన్నతో పాటు నేనూ వెళ్లాను. అద్దాల గది ముందు రైతులు వరసలో ఉన్నారు. ఒక్కొక్కరూ కిటికీలోకి వంగి అదే మాట అడుగుతున్నారు, ఏమన్నా కదిలిందా, అమ్ముకోమంటారా, ఆగమంటారా అని. అన్నయ్య కంప్యూటరు మీదినుంచి తల ఎత్తకుండా అందరికీ ఒకే జవాబు చెబుతున్నాడు. మా వంతు వచ్చింది. నాన్న కూడా కిటికీలోకి వంగాడు.

"ఏరా, రేటేమన్నా కదిలిందా?"

ఏ సరుకు సంగతి అడిగాడో నాకు అర్థం కాలేదు. అన్నయ్యకి కూడా అర్థమై ఉండదు. మాస్కుల వెనకనుంచి, తల ఎత్తకుండానే, అందరికీ చెప్పినట్టే చెప్పాడు.

"ఇంకో నెల చూద్దామండి."

నాన్న తల ఊపి పక్కకి తప్పుకున్నాడు. వెనకాయన వంగాడు. లోపల అన్నయ్య తుమ్మాడు.